నల్లతీగ చల్లగా ఉంది

హిడ్డె ఏ వస్తువు అమ్మినా ముందు ఒకటే లెక్క వేసుకునేవాడు: ఇది చెడిపోతే నా కొట్టుకు ఎవరొస్తారు, ఏ మొహంతో వస్తారు? స్నేక్ అనే ఊళ్ళో కాలవగట్టున పడవ సామాను అమ్ముతూ జుట్టు నెరిసినవాడు. తాళ్ళు, లంగర్లు, పంపులు అమ్మినంతకాలం ఆ లెక్క తప్పలేదు. ఇప్పుడు మొదటిసారి ఒక వస్తువు తానే చేయించాడు, పడవ బ్యాటరీకి చార్జరు. దాని మీద తన పేరు వేయించాడు. "పెట్టి మరిచిపోండి, పూచీ నాది" అని గట్టు పొడుగునా చెప్పుకున్నాడు. ఆ మాట పోతే కొట్టు తెరిచినా మూసినా ఒకటేనని అతనికి తెలుసు.

దాన్ని తయారుచేసింది నింకె, ఎలక్ట్రానిక్స్ చదివిన అమ్మాయి. మాట కటువు, పని శుభ్రం. చార్జరు లోపల ఒక స్విచ్చు సెకనుకు లక్షసార్లు తెరుచుకుంటూ మూసుకుంటూ కరెంటును గుక్కలు గుక్కలుగా బ్యాటరీలో పోస్తుంది. బాగా ఖాళీ అయిన బ్యాటరీ ఎంత పోసినా తాగుతుంది. తాగనిస్తే తీగలు కాలిపోతాయి. అందుకని కరెంటును కొలిచే చిన్న రెసిస్టరు ఒకటి దారిలో పెట్టి, ముప్పై ఆంపియర్లు దాటబోతే స్విచ్చు తగ్గేలా చేసింది నింకె. మొదట దాన్ని బ్యాటరీకి పోయే ఎర్రతీగ దారిలో పెట్టింది. అక్కడ పెట్టాలంటే వేరే చిప్పు కావాలి. ఆ చిప్పు ఆర్డరిచ్చి ఎన్నాళ్ళైనా రాలేదు.

"ఎర్రతీగలో పోయిందంతా నల్లతీగలో తిరిగి రావాల్సిందేగా?" అన్నాడు హిడ్డె. "పోయే బండిని లెక్కపెడితేనేం, వచ్చే బండిని లెక్కపెడితేనేం? నల్లతీగలో పెట్టు, ఆ చిప్పు అక్కర్లేదు."

నింకె కాసేపు పెన్సిలు కొరికింది. తప్పేమీ తోచలేదు. సరేనంది. చెక్కబల్ల మీద పెట్టి చూశారు. చెక్క పడవల్లో, ఫైబరు పడవల్లో పెట్టి చూశారు. హద్దు గీత గీసినట్టు నిలబడింది.

ఒక చలి ఉదయం సీబ్రెన్ పడవలో పెట్టారు. సీబ్రెన్ సరుకుల పడవలు నడిపి మానేసిన మనిషి. ఆయనది ఇనప పడవ. ఇనప పడవలవాళ్ళు ఏ పెట్టెనూ చెక్కపలక మీద బిగించరు. చెమ్మకు చెక్క కుళ్ళుతుందని సరాసరి పడవ గోడకున్న ఇనప పక్కటెముకకే బోల్టు వేస్తారు. సీబ్రెన్ అక్కడితో ఆగలేదు. బోల్టు గట్టిగా పట్టాలని రంగు కూడా గీకేసి, ఇనుము తళతళలాడేలా చేసి మరీ బిగించాడు.

స్విచ్చు వేశారు. చార్జరు మీద అంకె వెలిగింది. నాలుగు ఆంపియర్లు.

"ఇదేనా నీ చార్జరు?" సీబ్రెన్ కాఫీ పోస్తూ నవ్వాడు. "మా ఆవిడ నన్ను ఇంతకంటే వేగంగా పని చేయిస్తుంది."

"బ్యాటరీకి ఇంకా నిద్ర తీరలేదు పెద్దాయనా. మీలాగే," అన్నాడు హిడ్డె. చక్కెర రొట్టె ముక్క నోట్లో పెట్టుకున్నాడు కానీ, మనసులో లెక్క కుదరడం లేదు.

నింకె నవ్వలేదు. "ఖాళీ బ్యాటరీ ఇది. ముప్పై తాగాలి. నాలుగేంటి?" అంటూ వంగి ఎర్రతీగ పట్టుకుంది. పట్టుకున్న చెయ్యి విదిలించి అరిచింది. "ప్లగ్గు పీకండి! పీకండి!"

హిడ్డె పీకాడు. అప్పటికే కాలిన ప్లాస్టిక్ వాసన గదంతా పట్టింది. ఎర్రతీగ తొడుగు మెత్తబడి నింకె వేళ్ళ ముద్రలు పడ్డాయి. హిడ్డె భయంభయంగా నల్లతీగ మీద వేలు పెట్టి చూశాడు.

చల్లగా ఉంది.

సరుకు బయటికి పోయింది, బండి తిరిగి రాలేదు. మరి పోయిందంతా ఏ దారిన వచ్చింది?

నింకె ఇంజను వైపు చూసింది, చార్జరు బోల్టు వైపు చూసింది. "బ్యాటరీ మైనస్సు ఇంజనుకు కట్టి ఉంది. ఇంజను పడవకు అంటుకుని ఉంది. చార్జరు లోపలి మైనస్సు దాని ఇనప పెట్టెకు కలిపే ఉంది, ఆ పెట్టె కూడా పడవకే. కరెంటు పడవ ఇనుములోంచి నడిచొచ్చి, వెనకనించి పెట్టెలోకి దూరింది. రెసిస్టరు ముఖమే చూడలేదు. కరెంటు రావడం లేదనుకుని స్విచ్చు ఇంకా ఇంకా పోసింది."

"అంటే కాపలావాణ్ణి ఒక గుమ్మంలో నిలబెట్టి..." అన్నాడు హిడ్డె.

"గోడే లేని ఇంట్లో నిలబెట్టాం. ఇద్దరం కలిసే."

సీబ్రెన్ వంటగదిలోంచి రొట్టె కోసే ప్లాస్టిక్ పలక తెచ్చాడు. బోల్టు ఊడదీసి, పెట్టెను ఆ పలక మీద ఉంచి, పాడైన తీగ మార్చి మళ్ళీ వేశారు. ముప్పై. సరిగ్గా ముప్పై దగ్గర నిలబడింది.

హిడ్డె ఊపిరి వదిలాడు. ఇంతేనా! ఒక్కో పెట్టె కింద ఒక ప్లాస్టిక్ ముక్క. కొత్త చిప్పు అక్కర్లేదు, చేసినవి విప్పక్కర్లేదు. అతని బుర్ర అప్పుడే ముక్కలు కోసిచ్చేవాడి పేరు వెతుకుతోంది.

సీబ్రెన్ మాత్రం కాఫీ కప్పు కింద పెట్టేశాడు. "హిడ్డె, నీ దగ్గర ఫ్రౌక్యా కూడా ఒకటి కొన్నది కదయ్యా. నిన్న నేనే వెళ్ళి బిగించి వచ్చాను. ఇలాగే. రంగు గీకి మరీ."

ఫ్రౌక్యా భర్త పోయాక ఇల్లు అమ్మేసి పడవలోనే ఉంటోంది. ఆమె పడవ గట్టుకు ఆ చివర. ఇనపదే.

హిడ్డె టోపీ పెట్టుకోవడం మరిచిపోయి పరిగెత్తాడు. వెనక నింకె చెప్పుల చప్పుడు. వంతెన దాటేటప్పుడు పొగ కనిపిస్తుందేమోనని చూశాడు. పొగ గొట్టం లోంచే వస్తోంది, మామూలు పొగే. అయినా కాళ్ళు ఆగలేదు.

తలుపు కొట్టకుండానే దిగిపోయాడు. ఫ్రౌక్యా ఊలు అల్లుకుంటోంది. "ఏం నాయనా, ఎవరన్నా తరుముతున్నారా?"

చార్జరు గోడకున్న ఇనప పక్కటెముకకు బిగించి ఉంది. అంకె రెండు చూపిస్తోంది. దాని మీద నాలుగు ఊలు సాక్సులు వరసగా ఆరేసి ఉన్నాయి.

"పొద్దున స్విచ్చు వేశాను. ఎంత వెచ్చగా ఉందో! స్టవ్వు కంటే ఇదే నయం," అంది ఫ్రౌక్యా మెచ్చుకోలుగా. "మంచి వస్తువు ఇచ్చావు."

హిడ్డె ప్లగ్గు పీకాడు. సాక్సులు ఎత్తి చూస్తే అడుగు ఊలు గోధుమరంగుకు తిరిగి ఉంది. ఎర్రతీగ గోడ చెక్కకు ఆనిన చోట నల్లటి చార. అతను ఆ చార మీద వేలు పెట్టాడు. మసి అంటింది. ఆమె మంచం అక్కడికి చెయ్యి చాపితే అందేంత దూరం.

"పెద్దమ్మా, ఇది మీ పడవను కాల్చేసేది." అన్నాడు హిడ్డె. "నేనే అమ్మాను."

ఫ్రౌక్యా అల్లిక ఒళ్ళో పడింది.

"కింద ప్లాస్టిక్ ముక్క వేస్తే..." నింకె గుమ్మంలోంచే మెల్లగా మొదలుపెట్టింది.

"ఏదో ఒక రోజు ఎవరో ఆ ముక్క తీసి రంగు గీకి బోల్టు వేస్తారు. గట్టిగా పట్టాలని," అన్నాడు హిడ్డె. రెంచి అడిగి తీసుకున్నాడు. బోల్టు విప్పసాగాడు. "ఎర్రతీగలోనే పెట్టు నింకె. ఆ చిప్పు ఎప్పుడొస్తే అప్పుడే అమ్ముతాను. ముందు ఇచ్చినవన్నీ వెనక్కి తెద్దాం, ఫైబరు పడవలవి కూడా."

పెట్టె ఊడి చేతుల్లోకి వచ్చింది. ఇంకా కాలుతోంది. ఎక్కడ పెట్టాలో తెలియక దాన్ని అలాగే కోటుకు అదుముకుని నిలబడ్డాడు.