వెలిగిన చెయ్యి

మినప్పిండి ముద్ద మీద రోకలి పడుతూనే ఉంది. పిండి రోటి అంచుకు ఎగబాకినప్పుడల్లా గంగాభవాని ఎడమచేత్తో లోపలికి మడిచి, కుడిచేత్తో మళ్లీ దంచుతోంది. భుజం దగ్గర జాకెట్టు చెమటకు నల్లబడింది. పరాయి రాష్ట్రంలోని ఆ రైల్వే కార్ఖానా వాళ్ల డబ్ల్యూఆర్ఎస్ కాలనీలో తెలుగిళ్లకు ఏళ్లుగా అప్పడాలు ఆ చేతి నుంచే వెళుతున్నాయి. పక్కగదిలో భర్త సూరిబాబు నిద్రపోతున్నాడు. రోకటి చప్పుడు అతని నిద్రలో ఒక భాగం.

ఆ రోజు స్కానింగు. కుడి రొమ్ములో గడ్డ క్యాన్సరని ముందే తేలింది. అది ఒంట్లో ఇంకెక్కడికీ పాకకపోతే ఆపరేషను చేస్తారు. పాకితే నయమయ్యే దారి లేదు. ముందురోజు నుంచి బరువు పనులు చేయవద్దని, పరగడుపున రమ్మని చెప్పారు. పరగడుపునే ఉంది. పిండి దంచడం పనిలోకి వస్తుందని మాత్రం ఆమెకు తోచలేదు. ఊపిరి తీయడాన్ని ఎవరు పనిగా ఎంచుతారు?

ఊళ్లోనే తెలీబంధా పేటలో ఉన్న స్కానింగ్ సెంటరులో చక్కెర లాంటి మందు నరానికి ఎక్కించి, చీకటి గదిలో పడుకోబెట్టారు. ఒంట్లో ఆకలిగొన్న చోటల్లా ఆ చక్కెరను లాక్కుని ఫొటోలో వెలుగుతుందని నర్సు చెప్పింది. పగటిపూట ఊరికే పడుకోవడం గంగాభవానికి కొత్త. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఏ పనీ చేయని తాను ఎలా ఉంటుందోనని ఆ చీకట్లో వెతుక్కుంది, ఎవరూ దొరకలేదు.

సాయంత్రం డాక్టరు నీలిమ తెర మీద బొమ్మ చూపింది. కుడిచెయ్యి భుజం నుంచి మణికట్టు దాకా వెలుగుతోంది.

"పొద్దున్న ఏమైనా బరువు పని చేశారా అమ్మా?"

"పనా? ఏటీ నేదు. అప్పడాల పిండి దంచినాను, అంతే."

"ఆరామ్ చెయ్యమని సెప్పినాను కదేటే!" పక్క కుర్చీలోంచి సూరిబాబు గొంతు పెంచాడు.

"సెప్పినావు, టీవీలోకి సూస్తా. ఓలమ్మ, దంచింది కూడా ఫొటోలో పడిపోనాదా! ఇంక దీనికాడ దాపరికమేటి?"

సూరిబాబు ముఖం విప్పారింది. "అయితే ఇదంతా పని వల్లేనా డాక్టరమ్మా? జబ్బు కాదన్నమాట."

నీలిమ వేలు తెర మీద చేతిని వదిలి వెన్నుపూసల మీదికి, అక్కడి నుంచి కాలేయం మీదికి జరిగింది.

"చేతిది పని వల్లే. ఇవి కాదు."

అన్ని వెలుగులూ ఒకేలా ఉన్నాయి. బతికించిన ఆకలినీ చంపబోయే ఆకలినీ యంత్రం వేరు చేయలేదు. గంగాభవాని తెర మీది తన చేతినే చూస్తూ ఉండిపోయింది.

"మరి ఆపరేషను?" అన్నాడు సూరిబాబు.

"ఇక దానివల్ల ఉపయోగం ఉండదండీ. నొప్పికి మందులిస్తాం. జబ్బును కొన్నాళ్లు ఆపి చూస్తాం."

"పద మావా," అంటూ ఆమె లేచింది. "పిండి ఎండిపోతాది."

వానలు పట్టేసరికి చంకలో గడ్డలు పెరిగి ఆ కుడిచెయ్యి వాచింది. దీపావళి వెళ్లిన ఒక మధ్యాహ్నం, వంటింట్లో సూరిబాబు టీ వడపోస్తుండగా, కుర్చీలో ఆమె ఊపిరి నిలిచిపోయింది. రెండు గ్లాసులూ తెచ్చి ముందు పెట్టాకే అతను చూశాడు.

మనుషులొచ్చి ఆమెను తీసుకువెళ్లారు. వాచిన చెయ్యి ఆనించుకోవడానికి పాతచీరతో కుట్టుకున్న చిన్న దిండు కుర్చీలోనే ఉండిపోయింది. దాని నడుమ పడిన గుంట మర్నాటికి కూడా పూడలేదు.