లావాకి రంగు చాలలేదు

సిరి స్కూల్ కోసం చేసిన అగ్నిపర్వతంలో వాళ్ళ నాన్న సదాశివానికి ఒక్కటే నచ్చలేదు: లావా రంగు. బ్రిటిష్ ఊరు హేస్‌లోని తమ ఫ్లాట్‌లో ట్రయల్ వేసి చూస్తే గులాబీ రంగు నురగ వచ్చింది.

"ఇదేం లావా? స్ట్రాబెర్రీ మిల్క్‌షేక్‌లా ఉంది!" అని విసుక్కున్నాడు.

అగ్నిపర్వతం పేలితే మనుషులకీ ఇళ్ళకీ ఎంత ప్రమాదమో సిరి అట్ట మీద బొమ్మలేసి మరీ రాసింది. అంత రాశాక లావా ఎర్రగా లేకపోతే ఎవరు భయపడతారు అనుకున్నాడు సదాశివం. పొద్దున సిరి బూట్లు వేసుకునేలోపు, అత్తగారు గుంటూరులో మరపట్టించి పంపిన కారం నాలుగు చెంచాలు తీసి, వంటసోడా నింపిన ఆ కొండ నోట్లో పోశాడు.

క్లాసులో టీచర్ అందులో వెనిగర్ పోసింది. ఘాటు గుప్పున లేచింది. ముప్ఫైమంది పిల్లలు దగ్గుతూ, తుమ్ముతూ బయట పడుతున్న వానలోకి పరుగెత్తారు.

సాయంత్రం సంగతి తెలిసిన సదాశివం క్షమాపణ వల్లె వేసుకుంటూ స్కూల్‌కి వెళ్తే, టీచర్ ఎర్రబడ్డ కళ్ళతోనే నవ్వింది.

"పదేళ్ళుగా ఈ పాఠం చెబుతున్నాను. ఉన్నపళంగా ఊరు ఖాళీ చెయ్యడమంటే ఏంటో పిల్లలకి ఇవాళే అర్థమైంది" అంది.

సదాశివం గాల్లో తేలిపోయాడు. సిరి మాత్రం ఆయన్ని చెయ్యి పట్టుకుని గేటు దాకా లాక్కొచ్చింది.

"డాడీ, నెక్స్ట్ వీక్ ఎర్త్‌క్వేక్స్. ప్లీజ్ డోంట్ హెల్ప్!"