మూడో కాఫీ

మా బోస్నియాలో అతిథిని పొమ్మని నోటితో ఎవరూ అనరు. మొదటి కాఫీ రమ్మనడానికి, రెండోది కబుర్లకి, మూడోది ఇక లేవండని చెప్పడానికి. ఇంత మర్యాదగా గెంటే పద్ధతి ఇంకెక్కడైనా ఉందో లేదో నాకు తెలియదు.

పక్కింటి జుమ్రా అత్త రోజూ వసారాలో కూర్చుని రెండు గిన్నెల్లో కాఫీ పోస్తుంది. ఒకటి తనకి, ఒకటి భర్త శాచిర్‌కి. యుద్ధం మొదలైన ఏడాది తుపాకులవాళ్ళు ఆయన్ని పెరటి బావి వైపు ఈడ్చుకుపోయారు. ఆ తర్వాత ఆయన్ని ఎవరూ చూడలేదు. యుద్ధం అయ్యాక మేం ఊరికి తిరిగొచ్చి, ఎముకలు వెతికేవాళ్ళకి కబురు పెట్టాం. వాళ్ళకంటే ముందు విదేశీ సాయంతో ఇళ్ళు కట్టేవాళ్ళు వచ్చారు. అత్త ఊళ్ళో లేని రోజు చూసి బావిని రాళ్ళతో పూడ్చి, దానిమీద వసారాకి కాంక్రీటు పోసేశారు.

మేస్త్రీని అడిగితే ప్లానులో బావి లేదన్నాడు. నిజమే, మా బావులు ప్లాను చూసి పుట్టలేదు. కాంట్రాక్టరు మునిసిపాలిటీని చూపించాడు, మునిసిపాలిటీ దాతల్ని చూపించింది. దాతలు ఎవర్ని చూపిస్తారో అడుగుదామంటే వాళ్ళు సముద్రం అవతల ఉన్నారు.

చివరికి అక్టోబరులో వాళ్ళ తరఫున ఒకావిడ, దుబాసీ జెనాన్‌ని వెంటబెట్టుకుని తనిఖీకి వచ్చింది. ఇల్లు బాగుందని అత్త సంతకం పెడితే ఇక ఆ కాంక్రీటు జోలికి ఎవరూ రారు, తర్వాతి ఇంటికి సామాను వస్తుంది. తర్వాతి ఇల్లు మాది. రెండేళ్ళుగా మా పైకప్పు ఒక ప్లాస్టిక్ పట్టా.

వసారాలో ఉన్నది నలుగురం. అత్త ఐదు గిన్నెలు పెట్టింది. ఇంకా ఎవరైనా రావాలా అని ఆవిడ అడిగింది. జెనాన్ ఆ ప్రశ్నని అత్తకి చేర్చకుండా మింగేసి నేలకేసి చూశాడు.

రెండో కాఫీ దగ్గర అత్త బావి సంగతి చెప్పింది. తను చూడాల్సింది గోడలూ తలుపులూ మాత్రమేనని ఆవిడ బాధపడుతూనే చెప్పింది. నేను మా పట్టాకేసి చూశాను. మంచు పడే రోజులు దగ్గరకొచ్చాయి మరి.

అత్త నావైపు చూసింది.

"పిల్లలు ఈ చలికాలం కూడా పట్టా కిందేనా, మునెవెరా?"

నా జవాబు కోసం ఆగకుండా లేచి మూడోసారి కాఫీ పెట్టింది. వరసగా పోస్తూ ఐదో గిన్నె దగ్గర ఆగింది. ఇన్నేళ్ళలో ఆయనకి మూడో కాఫీ పోసి ఎరగదు. పోసింది.

"ఇక లే, శాచిర్. నీమీద ఇల్లు కట్టేశారు. ఎంతసేపని కూర్చుంటావు?"

కాంక్రీటు లోపలి నుంచి చలి నా అరికాళ్ళలోకి ఎక్కింది. చెప్పులు గుమ్మం దగ్గర విడిచాను కాబట్టి కావచ్చు.

అత్త కలం అందుకుంది. నేను ఐదో గిన్నె లాక్కుని గటగటా తాగేశాను. నాలుక కాలింది.

"అది ఆయనదే పిల్లా" అంది అత్త.

"తెలుసు. పొమ్మన్న కాఫీ నేను తాగాను, పోతే నేను పోతాను. ఆయన్ని ఉండనీ. సంతకం పెట్టకత్తా. పట్టా కింద ఇంకో చలికాలానికి చచ్చిపోం లే."

ఏం జరిగిందని ఆవిడ అడిగింది. జెనాన్ ఈసారి ఏదీ మింగకుండా, మూడో కాఫీ అర్థంతో సహా అంతా చెప్పాడు. ఆవిడ తన గిన్నెని తాగకుండానే కింద పెట్టింది. అత్త చేతిలోంచి కలం తీసుకుని, తనిఖీ కాగితం మీద ఆనించి, ఇన్ని నెలల్లో ఎవరూ అడగని మాట అడిగింది.

"ఆయన పేరేమిటి?"

అత్త చెప్పింది. ఆవిడకి నోరు తిరగలేదు. అత్త దిద్దింది, మళ్ళీ దిద్దింది. అవతల మా పట్టా గాలికి టపటపా కొట్టుకుంటోంది.

అత్త గిన్నెలన్నీ కడిగి తెచ్చి మళ్ళీ మొదటి కాఫీ మొదలుపెట్టింది. ముందు ఆయనకే పోసింది.