వేడి మాత్రమే తెలిసిన కన్ను

నేను ఒక కెమెరాను. పెళ్ళిళ్ళలో నవ్వమని అడిగే రకం కాదు. నాకు రంగులు తెలియవు, ముఖాలు తెలియవు. చల్లటి చోట వెచ్చగా ఉన్నదేదైనా తెల్లటి మచ్చలా కనబడుతుంది, అంతే. హైదరాబాదు శివార్లలోని ఒక రేకుల షెడ్డులో పద్మజ అనే ఆవిడ నన్ను బిగించింది. నా ముందు తన అరచెయ్యి పెట్టి, తెరమీద అయిదు వేళ్ళూ విడివిడిగా కనబడగానే "బాగా చూస్తోంది" అని పక్కావిడతో అంది. ఆ మెప్పుతోనే సైన్యం డ్రోను పొట్టకింద చేరాను. నా పక్కనే ఒక చిన్న పెట్టె. నేను చూపించే మచ్చ శత్రువా కాదా అని లెక్కగట్టేది అదే.

మమ్మల్ని నడిపినవాడు హవల్దారు తవిటినాయుడు. శ్రీకాకుళం వైపువాడు. నేను మంచుకొండల మీద తిరుగుతుంటే అతను ఎన్నో మైళ్ళ అవతల గదిలో తెర ముందు కూర్చునేవాడు. డ్రోను తుపాకిని పేల్చే మీట అతని వేలికింద ఉండేది.

ఒక మధ్యాహ్నం సరిహద్దు గట్టుమీద అయిదు మచ్చలు కనిపించాయి. "శత్రువు, ఎనభై ఏడు శాతం" అని పెట్టె రాసింది. నాయుడు మీట నొక్కలేదు. చూస్తూ కూర్చున్నాడు. కాసేపటికి ఒక మచ్చ వంగి ఏదో ఏరుకుంది. పక్కనే ఇంకోటి, బాగా చిన్నది, దాన్ని పట్టుకుని నిలబడింది. కట్టెలు ఏరుకునే ఆడవాళ్ళు, పిల్లలు. పైఅధికారి నాయుడి భుజం తట్టాడట.

ఇరవై రోజుల తర్వాత అదే గట్టుమీద మూడు మచ్చలు. వీపున మూటలు. ఈసారీ నాయుడు ఆగాడు. తొమ్మిది నిమిషాలు. ఆ మూటల్లో కట్టెలు లేవు. కింద మన కాపలా గుడిసె దగ్గరున్న లాన్స్ నాయక్ చెన్నకేశవులు వాళ్ళ తూటా తగిలి పడిపోయాడు. అతని వేడి మెల్లగా మంచులో కలిసిపోవడం నేను చివరిదాకా చూశాను. చూడకుండా ఉండే వీలు నాకు లేదు. నాకు రెప్ప లేదు.

కొన్నాళ్ళకు గాలివానలో డ్రోను కూలింది. నా అద్దం పగిలింది. పనికిరానిదాన్నని ఒక విశ్వవిద్యాలయానికి ఇచ్చేశారు. ఆ ఏడాదే అక్కడ పెద్ద సభ జరిగింది. మనిషి అనుమతి లేకుండా తానే కాల్చే డ్రోన్లు ఉండవచ్చా అన్నది చర్చ. నన్ను వేదికమీద, పూలగుత్తి పక్కన పెట్టారు. ఆ గట్టుమీద రెండుసార్లూ జరిగింది ముందే చదివి వినిపించారు.

అలాంటి డ్రోన్లు తయారుచేసే కంపెనీ తరఫున వచ్చిన పెద్దమనిషి చక్కగా మాట్లాడాడు. "యంత్రానికి చెయ్యి వణకదు. యంత్రం తొమ్మిది నిమిషాలు ఆగదు. అది ఉండి ఉంటే ఈ సోదరి భర్త ఈరోజు బతికుండేవాడు" అంటూ ముందు వరుసవైపు చెయ్యి చూపించాడు. అక్కడ చెన్నకేశవులు భార్య కాశమ్మ కూర్చుని ఉంది. గిద్దలూరు దగ్గరి ఊరినుంచి ఆమెను కంపెనీవాళ్ళే కారులో తెచ్చారు.

"మరి కట్టెలవాళ్ళ సంగతి?" అని ఎవరో వెనకనుంచి అరిచారు.

"శాతాలు రోజురోజుకూ మెరుగవుతున్నాయి" అన్నాడాయన. సగం సభ చప్పట్లు కొట్టింది. మిగతా సగం కేకలు వేసింది.

కాశమ్మ లేచింది. మైకు తీసుకోలేదు. పక్క వరుసలో తలవంచుకుని కూర్చున్న నాయుడి ముందుకు వెళ్ళి నిలబడింది. అతను అప్పటికి ఉద్యోగం మానేశాడు.

"ఆ తొమ్మిది నిమిషాలు ఏం చేసినావన్నా?"

నాయుడు లేచి నిలబడ్డాడు. "సూసినానమ్మా. ఒక్కలైనా వంగుతారేమోనని సూసినాను. ఆడోళ్ళేమో, పిల్లలేమోనని... తప్పయిపోనాది. నానే, ఇంకెవులూ కాదు."

 

"నీ మీద నాకు కోపం పోలేదు. పోదు గూడా" అంది కాశమ్మ. తర్వాత వేదికవైపు తిరిగింది. "అయ్యా, నేను కోపం జేసుకునేదానికి ఈ మనిషున్నాడు. ఇంత దూరమొచ్చి నిలబెట్టి అడిగినా. తప్పు నాదే అన్నాడు. రేపు మీ మిషను ఆ కట్టెలోళ్ళను కాల్చేస్తే వాళ్ళింట్లోవాళ్ళు ఎవుర్ని అడగాల? మిమ్మల్నా? ఆ పెట్టెనా?"

పెద్దమనిషి నీళ్ళు తాగాడు. అది చాలా లోతైన ప్రశ్న అన్నాడు. అధ్యక్షులవారు భోజనాల వేళయిందని గుర్తుచేశారు. కాశమ్మ కారెక్కనని చెప్పి బస్సుకు వెళ్ళిపోయింది. నాయుడు అన్నం ముందు కూర్చుని, తినకుండానే చెయ్యి కడుక్కుని లేచాడు.

ఆ సభ నివేదిక ఇంకా రాస్తున్నారట. పద్మజ షెడ్డులో ఈలోగా కొత్త కళ్ళు తయారవుతూనే ఉన్నాయని విన్నాను.

ఇప్పుడు నేను విశ్వవిద్యాలయంలో గాజు బీరువాలో ఉన్నాను. నా ముందు ఒక అట్టముక్క: "శత్రువును గుర్తించే కెమెరా." మొన్న నాయుడు వచ్చి అది చదివాడు. బీరువాకు తాళం లేదు. తలుపు తీసి, జేబులోంచి పెన్ను తీసి, "శత్రువును" అన్న మాట కొట్టేసి "వేడిని" అని రాశాడు. గుమాస్తా పరుగెత్తుకొచ్చాడు.

"ఏం చేస్తున్నారండీ?"

"దీనికి తెలిసింది అదేనండి" అన్నాడు నాయుడు.

మర్నాడు కొత్త అట్ట వచ్చింది. పాత మాటలే, ఇంకాస్త పెద్ద అక్షరాల్లో అచ్చువేశారు. బీరువాకు తాళం కూడా వేశారు.