శరత్తుకి స్వాగతం, చీపురుకి సెలవు

నేను ఒక చీపురుని. గదులు తుడిచే మెత్తటి పూల చీపురుననుకునేరు, కాదు. ఆవిడ మాకు దూరపు చుట్టం, ఫ్యాను కింద బతికే రకం. నేను వాకిళ్ళు ఊడ్చే కొబ్బరి ఈనెల చీపురుని. ఈ సంగతి ముందే చెప్పేస్తే తర్వాత మనకి పేచీ ఉండదు.

పుట్టింది ఉద్దానం కొబ్బరితోటల్లో. ఒక ముసలమ్మ అరుగు మీద కాళ్ళు బారజాపుకుని, ఎండిన కొబ్బరాకుల్ని కత్తితో అటూ ఇటూ చీరి, నడిమి ఈనె మాత్రం ఉంచి, వీధిలో పోయేవాళ్ళందరి గుట్టూ పక్కావిడకి చెబుతూ నన్ను కట్టింది. నాకు ఇతరుల విషయాలంటే కాస్త ఆసక్తి ఎక్కువ, అది అక్కడే అంటుకుని ఉంటుంది. విజయనగరం బజారులో, అపార్ట్‌మెంట్లు ఊడ్చే పైడమ్మ నన్ను కొంది. కొనేముందు గట్టిదనం చూడ్డానికి నేలకేసి టపటపా బాదింది. కొట్టువాడు భయపడి రేటు తగ్గించాడు. ఆ రోజు నుంచీ పద్మావతీ నిలయం అనే అపార్ట్‌మెంటు వాకిలి నాది. వాకిట్లో ఒక బాదం చెట్టు, దాని కింద సిమెంటు గట్టు, ఎదురుగా కింది వాటా గుమ్మం.

మనుషులకి నా మీద ఉన్న అభిప్రాయం నాకెప్పటికీ అంతుపట్టదు. నన్ను లక్ష్మి అంటారు. పొరపాటున కాలు తగిలితే కళ్ళకద్దుకుంటారు. చుట్టాలొస్తున్న చప్పుడైతే ఆ లక్ష్మినే గబగబా తలుపు వెనక్కి తోసేస్తారు. నిలబెడితే ఇంట్లో గొడవలొస్తాయట, దీపాలు పెట్టాక ముట్టుకుంటే సిరి పోతుందట. తీరా ఎవరిమీదైనా కోపమొస్తే 'చీపురు తిరగేస్తాను' అంటూ మళ్ళీ నన్నే తలుచుకుంటారు.

కింది వాటాలో వింధ్యవాసిని మేడం ఒక్కరే ఉంటారు. కాలేజీలో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యారు. ఏటా పిల్లలకి ఆటమ్ అనే ఇంగ్లీషువాళ్ళ ఆకురాలు కాలం గురించి పాఠం చెప్పేవారట. బంగారు రంగు ఆకులు, అవి గాలికి గలగలమంటూ రాలడం, వాటి మధ్య మనిషి నడుస్తూ తన బతుకు తాను తలపోసుకోవడం. చెప్పగా చెప్పగా అదంతా విజయనగరంలోనే చూసినట్టు ఆవిడకి నమ్మకం కుదిరిపోయింది.

ఉగాదికి ఈ వాటాలో దిగినప్పటి నుంచీ నలుగురినీ ఒకచోట చేర్చాలని ఆవిడ తాపత్రయం. కలిసి పుస్తకాలు చదువుకుందాం రమ్మంటే ఎవరూ రాలేదు. నవ్వుల క్లబ్బు పెడితే అసోసియేషన్ సెక్రటరీ సింహాచలం గారొక్కరే వచ్చారు, కాస్త మెల్లిగా నవ్వండని చెప్పడానికి. అప్పటికి అక్కడ నవ్వుతున్నది మేడం ఒక్కరే. ఆ రోజు ఖాళీ కుర్చీల కింద ఊడుస్తుంటే నాకు నిజంగా ఏడుపొచ్చింది.

దసరాలు వెళ్ళి సిరిమాను పండగ కూడా అయిపోయాక, ఒక పొద్దున మేడం గట్టు మీద కూర్చుని పైడమ్మని పిలిచారు.

"ఈ ఆదివారం శరదృతువుకి స్వాగతం చెబుదాం పైడమ్మా. అందరం ఈ చెట్టు కింద కూర్చుంటాం. రాలిన ఆకు తలా ఒకటి పట్టుకుని, గడిచిన ఏడాది ఓసారి తలుచుకుని, ఇకమీదట ఏం వదిలేస్తామో చెప్పి ఆకు వదిలేస్తాం. ఎలా ఉంది?"

"బాగుందమ్మగోరూ. మరి ఒగ్గేసిన ఆకులు ఎవులు తుడవాల?"

"అదే చెప్పబోతున్నా. ఆదివారం దాకా నువ్వు చెట్టు కింద ఊడవొద్దు. ఆకులు పోగవ్వాలి."

"అమ్మో! సెక్రెట్రీగోరు నా మీద సీపురు తిరగేత్తారు."

"చీపురు నీ చేతిలోనే ఉందిగా," అన్నారు మేడం. తర్వాత చెట్టు వైపు చూస్తూ, "ఈసారి కూడా ఎవరూ రాకపోతే ఇంక నేనెవర్నీ పిలవను పైడమ్మా. నా తలుపేసుకుని నేను కూర్చుంటాను," అన్నారు. నవ్వుతూనే అన్నారు గానీ, పైడమ్మ వెంటనే నన్ను మెట్ల కింద పడుకోబెట్టింది. అలా నాకు జీవితంలో మొదటిసారి సెలవు దొరికింది.

బాదం చెట్టుకి మాత్రం ఆ పాఠం ఎవరూ చెప్పినట్టు లేదు. వానలు తాగి, ఒళ్ళు చేసి, పచ్చగా నిగనిగలాడుతూ నించుంది. మన వైపు చెట్లు ఆకు రాల్చేది చలి ముదిరాక, శిశిరంలో కదా! శరత్తంటే మనకి కడిగిన ఆకాశం, వెన్నెల, గట్ల మీద రెల్లు పూత, వాకిట్లో తూనీగలు. మేడం ఆ దేశపు ఋతువునీ ఈ దేశపు ఋతువునీ ఒకే గంపలో వేసేశారు. చెబుదామంటే నాకు నోరు లేదు, ఉన్నవన్నీ కొసలే.

ఆకులు తప్ప మిగతావన్నీ రాలాయి. పాల ప్యాకెట్లు, ఉల్లిపొట్టు, దువ్వెన లోంచి తీసిన జుట్టు ఉండలు, జత లేని మేజోడు. రోజూ పొద్దున్నే మేడం కిటికీలోంచి అడిగేవారు, "ఒక్క ఆకైనా పడిందా పైడమ్మా?"

"నేదమ్మగోరూ. ఐసుక్రీం పుల్ల పడింది."

శనివారం నాటికి మేడం ముఖం చూడలేకపోయింది పైడమ్మ. "ఉండండమ్మా, దీని సంగతి నాను సూత్తాను," అని చీర కుచ్చిళ్ళు బిగించి, గట్టెక్కి, నాతో కొమ్మల్ని ఎడాపెడా బాదింది. ఒక షటిల్ కాక్ పడింది. గాలిపటం తోక పడింది. ఏ గాలికి డాబా మీంచి ఎగిరొచ్చిందో, జల్లెడలాంటి బనీను ఒకటి పడింది. తర్వాత ఎర్రచీమలు పడ్డాయి, నేరుగా పైడమ్మ మీద. ఆవిడ గట్టు మీద వేసిన చిందులకి నేను కూడా గిరగిరా తిరిగాను. నా ఈనెలు కొన్ని విరిగి పైన కొమ్మల్లో ఇరుక్కుపోయాయి. చెట్టు మాత్రం ఒక్క ఆకు వదిలితే ఒట్టు.

ఆదివారం సాయంత్రం మేడం ఆవాల రంగు చీర కట్టుకుని, కుర్చీలు వేయించి, గిన్నె నిండా అల్లం టీ కాచి కూర్చున్నారు. ఎవరూ రాలేదు. తూనీగలు మాత్రం వచ్చి కుర్చీల మీద వాలాయి. ఎంతసేపు చూశారో గానీ, చివరికి లేచి మొదటి కుర్చీ మడతపెట్టారు. మెట్ల కింద నా ఈనె ఈనెకీ ప్రాణం ఉసూరుమంది.

సరిగ్గా అప్పుడే సింహాచలం గారు బజారు నుంచి వచ్చి అరటితొక్క మీద కాలేశారు. పడలేదు గానీ, పడకుండా ఉండడానికి చాలా శ్రమపడ్డారు.

"ఇది వాకిలా, చెత్తకుండీయా? మెంబర్లందరూ కిందికి దిగండి! ఇప్పుడే తేలాలి!" అని పై అంతస్తుల దాకా వినపడేలా అరిచారు.

అందరూ దిగారు. మనుషుల్ని పోగెయ్యడానికి ఇంత సులువైన దారి ఉందని తెలియక మేడం ఇన్నాళ్ళూ టీలు కాచారు పాపం. పాల ప్యాకెట్లు మీవంటే మీవని, జుట్టు ఉండలు మీ కోడలివంటే మీ అత్తవని కాసేపు దుమ్మెత్తిపోసుకున్నారు. కాళ్ళు పీకితే కుర్చీల్లో కూర్చున్నారు. గొంతెండితే టీ పోసుకున్నారు.

"పైడమ్మ తప్పేం లేదండీ. ఊడవొద్దన్నది నేనే," అన్నారు మేడం లేచి. "శరత్తు కోసం... ఆకులు రాలతాయనుకున్నాను." చెట్టు వైపు చెయ్యి చూపించారు. అందరూ చెట్టు వైపు చూశారు. చెట్టు పచ్చగా చూసింది.

అంతలో పైనుంచి ఏదో జారి సింహాచలం గారి టీ గ్లాసులో పడింది. ఆయన రెండు వేళ్ళతో పైకి తీశారు. "ఏమిటండీ ఇది?"

అది నేనే. అంటే, నిన్న కొమ్మల్లో చిక్కుకున్న నా ఈనె.

మేడం దాన్ని అందుకుని తిప్పి చూశారు. "ఈనె. కొబ్బరాకు ఈనె." ఆవిడ ముఖం విప్పారింది. "రాలింది! ఆకు రాలిందండీ!" అని చుట్టూ చూసి, మెట్ల కింద ఉన్న నన్ను పట్టుకున్నారు. "ఎండుటాకులు లేవని ఏడుస్తున్నాను. ఇదంతా ఏమిటి మరి?"

"సీపురమ్మా!" పైడమ్మ నన్ను లాక్కోబోయింది. "బంగారం నాంటి సీపురు!"

కానీ మేడం అప్పటికే క్లాసులో చెప్పినట్టు "అందరూ కూర్చోండి" అనేశారు. కూర్చున్నవాళ్ళు కూడా సర్దుకుని మళ్ళీ కూర్చున్నారు. నన్ను ఒకరి చేతిలోంచి ఒకరికి తిప్పారు. ఈనె పట్టుకుని ఇకమీదట ఏం వదిలేస్తారో చెప్పాలన్నారు మేడం. తలా ఒక ఈనె లాగారు. చక్కిలిగింతగా ఉంది, కొంచెం బాధగానూ ఉంది.

మొదటి వంతు సింహాచలం గారిది. ఆయన భార్య భ్రమరాంబ గారు గట్టు మీద పడున్న నిన్నటి బనీను చూపించి, "అది మీదే కదూ? అలాంటివి వదిలేస్తానని చెప్పండి," అన్నారు. ఆయన ఆస్తి రాసిచ్చేస్తున్నంత బాధగా సరేనన్నారు. భ్రమరాంబ గారు పైనుంచి పాల ప్యాకెట్లు విసరడం వదిలేస్తానన్నారు. మోటారు వేసి మర్చిపోవడం వదిలేస్తానని ఒకాయన అన్నారు. పై వాటా అమ్మాయి ఈనెని వేలికి చుట్టుకుంటూ, "మా చెల్లితో మాట్లాడ్డం లేదు. అది వదిలేస్తాను," అంది. దానికి ఎవరూ నవ్వలేదు.

పైడమ్మ వంతు వచ్చింది. "నాను ఏటీ ఒగ్గనమ్మా. మీరందరూ ఒగ్గేసిందల్లా తుడవాల్సింది నానే."

అందరూ ఒక్కసారిగా పగలబడి నవ్వారు. అందరికంటే గట్టిగా నవ్వింది సింహాచలం గారు. నవ్వు ఆగాక, "మరి మీరో మేడం గారూ?" అని ఆయనే అడిగారు.

మేడం చేతిలో ఈనె కేసి చూసుకున్నారు. "నేను తలుపేసుకోవడం ఒగ్గేస్తున్నానండీ," అన్నారు, పైడమ్మ మాటలోనే.

మర్నాడు పైడమ్మ నాతో వాకిలి ఊడిస్తే చెత్త ఉన్నచోటే ఉంది, పక్కన గీతలు మాత్రం పడ్డాయి. తిట్టుకుంటూ వెళ్ళి కొత్త చీపురు కొనుక్కుంది. లాగిన ఈనెల్ని మాత్రం ఎవరూ వదిలెయ్యలేదు, ఇళ్ళకి పట్టుకెళ్ళారు. అలా నేనిప్పుడు ఇంటింటా ఉన్నాను. భ్రమరాంబ గారు నన్ను గుచ్చి ఇడ్లీ ఉడికిందో లేదో చూస్తారు. సింహాచలం గారు నాతో వీపు గోక్కుంటారు, బనీను లేదు కాబట్టి వీలుగా ఉందట. పై వాటా అమ్మాయి చెల్లెలు వచ్చి నాలుగు రోజులుండి వెళ్ళింది.

చలి ముదిరాక బాదం చెట్టు ఎర్రెర్రగా ఆకులన్నీ దులిపేసింది. మేడం పాఠంలో ఉన్నట్టే గలగలమంటూ రాలాయి. చూసినవాళ్ళు లేరు. ఆ సాయంత్రం అందరూ మేడం ఇంట్లో టీ తాగుతూ ఒకరి మాట ఒకరికి వినపడకుండా మాట్లాడుకుంటున్నారు.

ఇక నాలో మిగిలింది తాడు బిగించి కట్టిన మొదలు, నాలుగు మొండి పుల్లలు. మేడం గుమ్మానికి చెట్టు గాలి ఎక్కువ, తలుపు ఊరికే దానంతటదే మూసుకుపోతుంది. అందుకని ఆవిడ నన్ను తలుపు కింద అడ్డుపెట్టారు. మా జాతిని తలుపు వెనకాల దాస్తారని మొదట్లో చెప్పాను కదా. నేను మాత్రం తలుపు ముందు, వచ్చేపోయేవాళ్ళందరికీ కనపడేలా ఉంటాను. గాలి గట్టిగా వీచినప్పుడల్లా తలుపు నన్ను నెడుతుంది. నేను కదలను.