అయిదో మనిషి

కేకు పెట్టె మూలకి జిగురు రాయడం పెద్ద విద్యేమీ కాదు. బ్రష్షు ఒక్కసారే లాగాలి. రెండోసారి లాగితే అట్ట తడిసి ఉబ్బిపోతుంది. రాశాక పన్నెండు అంకెలు లెక్కపెట్టేదాకా వేళ్లతో నొక్కిపట్టి వదిలేయాలి. పాపని బడికి పంపి, అత్తగారికి మందులిచ్చి, వంట ముగించి, ఎనిమిదింటికల్లా షెడ్డుకొచ్చి నేను ఆ పనిమీదే ఉన్నాను. మా ఆయన తొమ్మిదిన్నరకి ఇస్త్రీ చొక్కాలో వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. "ఇవాళ తనిఖీకి ఆఫీసరొస్తున్నాడు. ఆ జిగురు మరకల ఏప్రను తీసేసి కాస్త మంచి బట్టలు కట్టుకో. యజమానిలా కనపడాలి కదా" అన్నారు. నా ముందు ఇంకా రెండొందల పెట్టెలున్నాయి. "మరి ఇవెవరు అంటిస్తారు?" అన్నాను. "అతను వెళ్లాక నువ్వే అంటిద్దువుగానిలే" అన్నారు.

ఈ అట్టపెట్టెల షెడ్డుకి యజమానిని నేనేనట. గోడమీద అద్దం కట్టించిన సర్టిఫికెట్టు ఆ మాట చెబుతుంది. "మహిళా పారిశ్రామికవేత్త" అన్న అక్షరాల కింద నా ఫొటో. హడావిడిలో నా పాత ఉద్యోగం గుర్తింపు కార్డులోంచి కత్తిరించి అంటించారు కాబట్టి, మెడలో ఆ కంపెనీ తాడు ఇప్పటికీ కనపడుతూనే ఉంటుంది. మూడేళ్ల క్రితం ఆయన పనిచేసే కంపెనీ మూతపడింది. నాలుగు నెలలు సోఫాలో కూర్చుని టీవీ చూశారు. అందులో ఆర్థికమంత్రి రోజూ కనపడి ఉపాధి అనీ, చిన్న వ్యాపారాలకి చేయూత అనీ, మధ్యతరగతికి ఊరట అనీ చెప్పేవాడు. ఊరట అన్న మాట రాగానే ఈయన సౌండు పెంచేవారు. ఒకరోజు వంటింట్లోకి పరిగెత్తుకొచ్చి, "ఏమోయ్, ఆడవాళ్ల పేరున వ్యాపారం పెడితే వడ్డీలో సగం ప్రభుత్వమే కడుతుందట. నీకు ఇంత గిరాకీ ఉందని నాకిన్నాళ్లూ తెలీనేలేదు" అని నవ్వారు. నేనూ నవ్వాను. ఇల్లు గడవాలి, పాప ఫీజు కట్టాలి, మనిషి సోఫాలోంచి లేవాలి. ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెట్టాను. చదవనివ్వలేదా అంటే, ఎవరూ వద్దనలేదు. పాలు పొయ్యి మీదున్నాయి.

యజమాని అంటే ఏమిటో తర్వాత తెలిసొచ్చింది. అప్పు నా పేరున, కార్డు ఆయన జేబులో, బ్యాంకు మెసేజీలు ఆయన ఫోనుకి. కార్డు నా దగ్గరుంచమని ఒకసారి అడిగితే మొహం చిన్నబుచ్చుకుని, "నీకేం కావాలో చెప్పు, తెచ్చిపెడతాగా. ఎప్పుడన్నా కాదన్నానా?" అన్నారు. అత్తగారు ఇంటికొచ్చినవాళ్లందరికీ "మా అబ్బాయి ఫ్యాక్టరీ పెట్టాడు" అని చెబుతారు. మరి కోడలో అంటే, "ఇంట్లో తోచక వెళ్లి కూర్చుంటుంది" అంటారు. నాకు తోచకపోవడం! పొద్దున్న అయిదింటికి లేచినదాన్ని మళ్లీ నడుం వాల్చేదాకా తోచకపోవడానికి తీరికెక్కడుంది? షెడ్డులో మేస్త్రీ అట్ట కత్తిరిస్తాడు, ముగ్గురు ఆడవాళ్లు మడుస్తారు, ఆ నలుగురికీ శనివారం జీతం. అంటించడం నాది, నలిగిన పెట్టెలు ఏరడం నాది, బేకరీవాడు ఫోన్ చేసి అరిస్తే పడడం నాది. నాకు మాత్రం శనివారం లేదు. ఆ మాటే అంటే ఆయన నిజంగానే ఆశ్చర్యపోయారు. "యజమాని ఎక్కడైనా జీతం అడుగుతుందా?" అన్నారు. సరే, యజమానినేగా, బేకరీవాడికి రేటు పెంచి చెప్పనా అంటే, "అవన్నీ నీకెందుకు, నేను చూసుకుంటాగా" అన్నారు. జీతం దగ్గర యజమానిని, రేటు దగ్గర పెళ్లాన్ని. ఏ పూట ఏమిటో ఆయనే తేల్చేవారు.

పోయినేడాది ఇంకో పథకం వచ్చింది. అయిదుగురికి పని ఇచ్చిన చిన్న వ్యాపారాలకి జీతాల్లో సగం ప్రభుత్వం భరిస్తుందట. మా దగ్గరున్నది నలుగురే. అయిదో మనిషిగా ఆయన మా మరిది పేరు రాశారు. మా మరిది షెడ్డు గుమ్మం తొక్కింది ప్రారంభం రోజున, అదీ ఫొటోలో నిలబడడానికి. "రాస్తే రాశారు, నా పేరు రాయొచ్చుగా, నేను రోజూ చచ్చేలా చేస్తున్నానుగా" అంటే, "అబ్బ, నీతో చిక్కొచ్చిపడింది. నువ్వు చేసేది పనేమిటి, మన ఇంటిది మనం చూసుకోవడం కాదూ?" అన్నారు.

ఆ చిరాకులోనే నేను ఉద్యోగానికి అర్జీ పెట్టాను. పిల్లల కోసం మానేసిన ఆడవాళ్లు మళ్లీ ఉద్యోగాల్లోకి రావాలని ప్రభుత్వమే ఆ పథకం కూడా పెట్టింది. పాప పుట్టకముందు నేను ఆరేళ్లు ఒక బట్టల కంపెనీ స్టోర్సులో పనిచేశాను. ఏ అరలో ఏ సరుకుందో కళ్లు మూసుకుని చెప్పేదాన్ని. ఇప్పుడు ఆసుపత్రి మందుల గోదాములో స్టోర్‌కీపరు పోస్టు ఉందన్నారు. పళ్ల డాక్టరు దగ్గరికని ఇంట్లో అబద్ధం చెప్పి పరీక్ష రాశాను. ప్యాసయ్యాను. ముప్పై తొమ్మిదేళ్ల వయసులో పరీక్ష ప్యాసయ్యానని బస్సులో కూర్చుని ఏడ్చాను. వారం క్రితం ఉత్తరం వచ్చింది. మీ పేరున వ్యాపార సంస్థ నమోదై ఉన్నందున మీరు నిరుద్యోగుల కిందికి రారు, కావున అనర్హులు అని. ఒక పథకం నన్ను యజమానిని చేసింది, ఇంకో పథకం అది చూసి మొహం మీద తలుపేసింది. ఆ ఉత్తరం ఆయన కంటా పడింది. "ఒకందుకు నయమేలే. నువ్వు వెళ్తే అంటించడానికి మనిషిని పెట్టుకోవాలి, దండగ" అన్నారు. పరీక్ష ఎలా రాశావని కూడా అడగలేదు.

ఉత్తరం అడుగున చిన్న అక్షరాల్లో ఇంకో వాక్యం ఉంది. ఆ వ్యాపారం నిజానికి నాది కాదని తనిఖీ అధికారి రాసిస్తే, పదిహేను రోజుల్లోగా నా అర్జీ మళ్లీ చూస్తారట. ఇవాళ వచ్చేది ఆ అధికారే. ఉత్తరాన్ని నాలుగు మడతలు పెట్టి ఏప్రను జేబులో పెట్టుకున్నాను. "ఇది నాది కాదండీ" అని ఒక్క మాట అనాలి, అంతే. అంటే ఉద్యోగానికి దారి దొరుకుతుంది. రాయితీలు పోతాయి, తీసుకున్నవి వెనక్కి కట్టమంటారు, షెడ్డు మూతపడుతుంది, ఆయన మళ్లీ సోఫా ఎక్కుతారు. అన్నీ తెలిసే, అనేయాలని నిశ్చయించుకున్నాను. బట్టలు మార్చుకోలేదు.

ఆఫీసరు పదకొండింటికి వచ్చాడు. చెమటతో చొక్కా వీపుకి అంటుకుపోయి, చేతిలో పలకంత మిషను పట్టుకుని, ఈ రోజుకి ఇది ఆరో తనిఖీ అన్న విసుగు మొహంతో కుర్చీలో కూలబడ్డాడు. ఆయన మంచినీళ్లు ఇప్పించి, "అడగండి సార్, ఏది కావాలన్నా నేను చెబుతాను" అన్నారు.

"మీరు ఆగండి సార్. యజమాని గొంతే రికార్డవ్వాలి. వేరేవాళ్లు మాట్లాడితే ఇది మళ్లీ మొదటికొస్తుంది" అంటూ ఆఫీసరు మిషను నా ముందు పెట్టాడు. "చెప్పండి మేడం. వారానికి ఎన్ని పెట్టెలు?"

"ఓ పదివేలుంటాయి" అన్నారు ఆయన, ఆగలేక. మిషను కీచుమని మళ్లీ మొదటికొచ్చింది. మేస్త్రీ అటు తిరిగి దగ్గాడు.

"నాలుగువేల ఎనిమిదొందలు" అన్నాను. "వానాకాలంలో జిగురు తొందరగా ఆరదు, అప్పుడు నాలుగువేలే."

అట్ట ఎక్కడినుంచి వస్తుంది, ఎంత వృథా పోతుంది, పెద్ద ఖాతాదారు ఎవరు, ఏ నెలలో పని తగ్గుతుంది అని అడుగుతూ పోయాడు. నేను చెబుతూ పోయాను. బేకరీవాడు మూత వదులుగా ఉందంటే కొలత అరంగుళం తగ్గించిన సంగతి, చెప్పుల కొట్టువాడికి అడుగున రెండు పొరలు వేయించిన సంగతి అడగకుండానే చెప్పాను. ఆయన నోరు తెరుచుకుని వింటున్నారు. ఇవన్నీ ఎప్పుడు జరిగాయని ఆయన అనుకుంటున్నట్టుంది. నాకు ఒళ్లు మండిపోయింది. నేను అనాలనుకున్న ఆ ఒక్క మాట నోట్లోనే ఉంది, బయటికొచ్చే సందు మాత్రం దొరకడం లేదు. నాది కాదంటే మరి ఎవరిది? వారానికి ఎన్ని పెట్టెలో తెలీని ఈ మనిషిదా? మూడేళ్లు నా నడుం విరగ్గొట్టుకుని కట్టినదాన్ని, నా నోటితో, రికార్డు చేయించి మరీ ఈయన చేతిలో పెట్టి, నేను వెళ్లి ఇంకొకరి గోదాము కాపలా కాయాలా? ఇంతవరకు నేనిలా ఆలోచించనేలేదు. ఆలోచించనందుకు నామీద నాకే కోపం వచ్చింది.

"నలుగురు కనపడుతున్నారు. అయిదో మనిషెవరు?" అన్నాడు ఆఫీసరు.

"మా తమ్ముడండీ. ఇప్పుడే ఇలా బయటికెళ్లాడు" అంటూ ఆయన మూడుసార్లు ఫోన్ చేశారు. మూడుసార్లూ స్విచాఫ్ అని ఆడగొంతు చెప్పింది.

"మనిషి ఎదురుగా ఉండాలి, వేలిముద్ర పడాలి. అయిదుగురు లేకపోతే ఇచ్చినదంతా మొదటినుంచీ వెనక్కి తీసుకుంటారు. నేను చేయగలిగిందేమీ లేదు సార్."

ముగ్గురు ఆడవాళ్లూ మడవడం ఆపేశారు. పోయిన నెల ఒకరు మానేస్తే ఆ చోట చేరినావిడ చేతిలో సగం మడిచిన పెట్టె అలాగే ఉండిపోయింది. ఖర్చు తగ్గించాల్సి వస్తే ముందు ఆవిడనే మాన్పిస్తానని ఆయన అన్న మాట ఆవిడ చెవిన పడే ఉంటుంది. ఆవిడ చూసింది ఆయన వైపు కాదు, నా వైపు.

ఆయనకి చెమటలు పట్టాయి. ఉన్నట్టుండి నన్ను చూపించి, "మా ఆవిడ ఉందిగా! పొద్దున్నుంచి సాయంత్రం దాకా నడుం ఎత్తకుండా పనిచేస్తుందండీ. అసలు ఈ నలుగురి పనీ ఒకెత్తు, తన పని ఒకెత్తు. కావాలంటే వీళ్లని అడగండి!" అన్నారు.

మూడేళ్లలో మొదటిసారి. అదీ ఎవరికో లెక్క అప్పజెప్పడానికి. ఆ మాట కోసం నేను ఎన్ని రాత్రులు ఎదురుచూశానో తలుచుకుంటే సిగ్గేసింది.

"ఆవిడ యజమాని కదా సార్. యజమాని పనివాళ్ల లెక్కలోకి రారు."

"యజమాని అంటే, అదేదో కాగితం మీద..." అని నాలుక కరుచుకున్నారు.

ఆఫీసరు మొదటిసారి తల పూర్తిగా పైకెత్తాడు. "కాగితం మీద అంటే?"

సందు దానంతటదే దొరికింది. ఆయన అరిచేతిలో పెట్టి ఇచ్చారు. జేబులో నా వేళ్లకి ఉత్తరం అంచు తగులుతోంది. తీసి చూపిస్తే చాలు. మందుల గోదాము, నెల తిరిగేసరికి నా పేరున జీతం, నన్నెవరూ ఇంట్లో తోచనిదానిగా చూడని ఒక కుర్చీ. అది వదులుకోవడానికి ప్రాణం ఉసూరుమంది. అయినా చేతిని జేబులోంచి ఖాళీగానే బయటికి తీశాను.

"ఆ పేరు బదులు ఇంట్లో ఇంకొకరిని రాయొచ్చా అండీ?" అన్నాను.

"రాయొచ్చు మేడం. రోజూ తొమ్మిదింటికి హాజరు పడాలి, జీతం బ్యాంకు నుంచే వెళ్లాలి. యజమాని తప్ప ఎవరైనా సరే."

"అయితే ఈయన్ని రాసుకోండి."

"నన్నా?" అన్నారు ఆయన.

మేస్త్రీకి మళ్లీ దగ్గొచ్చింది. ఆఫీసరు మాత్రం ఏమీ ఆశ్చర్యపోలేదు. ఖాళీ గడి నిండితే చాలన్నట్టు మిషనులో ఏదో నొక్కి, "ఏం పని చేస్తారు?" అన్నాడు.

"ఇప్పటిదాకా వచ్చి చూసి వెళ్తుండేవారు. రేపటినుంచి మూలలు అంటిస్తారు."

"ఏమిటోయ్ ఇది, పదిమందిలో" అని ఆయన గొణిగారు. నేను విననట్టే ఊరుకున్నాను. జీతాల మెసేజీలు ఏ నంబరుకి రావాలని ఆఫీసరు అడిగితే నా నంబరు చెప్పాను. అందుకు కూడా ఆయన నోరు తెరవబోయారు, మిషను మొదటికొస్తుందని గుర్తొచ్చి ఆగిపోయారు. వేలు పెట్టమన్నప్పుడు, అన్నిట్లో వేలు పెట్టే ఆ మనిషి, అంగుళం అద్దం ముక్క ముందు తటపటాయించారు. రెండుసార్లు పడలేదు. మూడోసారి నొక్కి పెట్టాక పచ్చలైటు వెలిగింది.

"ఇక జీతం ఒక్కటే మిగిలింది. ఎంత రాయమంటారు మేడం?"

ఆయన నా దగ్గరగా వంగి, చాలా మెత్తగా, "కాస్త చూసి చెప్పవోయ్. పరువు దక్కాలి కదా" అన్నారు.

పెట్టె పట్టుకుని ఇంకా అలాగే నిలబడ్డ ఆవిడ జీతం పోయిన నెల ఆయనే బేరమాడి ఖాయం చేశారు.

"కొత్తగా చేరినవాళ్లకి ఎంతిస్తున్నామో అంతే రాయండి" అన్నాను.