పారబోసిన నీళ్లు

ఆదివారం పొద్దున బరువు చూసుకోవడం ఆ ఇంట్లో పళ్లు తోముకోవడంలాగే అలవాటైపోయింది. స్నానాల గది గుమ్మం ముందు బరువు మిషన్ పెట్టి, భర్త చేతులు కట్టుకుని నిలబడతాడు. ఆమె చెప్పులు విడిచి, చేతి గడియారం కూడా తీసి ఎక్కుతుంది. పావుకిలో తగ్గినా చాలు, ఆయన మొహం చాటంత అవుతుంది. "చూశావా, ఆకు పనిచేస్తోంది," అంటూ ఫ్రిజ్‌కి అంటించిన కాగితం మీద రాసుకుంటాడు. ఆ కాగితంలో ఆయన బరువు ఉండదు. ఆయన పొట్ట మాట ఎవరైనా ఎత్తితే, కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగం కదా అంటాడు. ఆమెది నిలబడి చేసే ఉద్యోగం. ఆ సంగతి ఎవరికీ గుర్తుకు రాదు.

ఒక రకంగా చూస్తే ఆ ఆకుని ఇంటికి తెచ్చింది ఆమే. మొక్కల్లో ఉండే పదార్థాలు కొవ్వు కణాలను ఏం చేస్తాయో పరీక్షించే ల్యాబులో ఆమె పదకొండేళ్లుగా టెక్నీషియన్. ఇంకా కొవ్వు పట్టని పసి కణాలను ప్లేట్లలో పెంచాలి. అవి కొవ్వు కణాలుగా మారే మందు వెయ్యాలి. కొన్ని ప్లేట్లలో ఆకు సారం కలపాలి. పది రోజుల తర్వాత రంగు వేస్తే, కొవ్వు ఉన్న చోటల్లా ఎర్రబడుతుంది. ఆకు సారం పడ్డ ప్లేట్లు తెల్లగా మిగిలాయి. ల్యాబు పెద్ద సారు ఎర్ర ప్లేటు ఒక చేత్తో, తెల్ల ప్లేటు ఒక చేత్తో పట్టుకుని ఫొటో దిగారు. 'కొవ్వు కణాలను పుట్టనివ్వని ఆకు' అని పేపర్లో పడింది.

ఆ ముక్క కత్తిరించి దాచింది ఆమె భర్తే. కొవ్వు మీద పరిశోధన చేసే మనిషి ఒంట్లోనే ఇంత కొవ్వుంటే జనం నవ్వరా అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. ఆయన ఏదన్నా నవ్వుతూనే అంటాడు, అందుకే దేనికీ జవాబు చెప్పడానికి ఉండదు. పెరటి గోడ పక్కన ఆ మొక్క బోలెడంత ఉంది. ఆకులు ఎండబెట్టి పొడి కొట్టించాడు. రోజూ పొద్దున్నే గోరువెచ్చటి నీళ్లలో కలిపి ఇచ్చే పని అత్తగారికి అప్పజెప్పాడు. అది తాగాక మధ్యాహ్నం దాకా ఆమెకి అన్నం పేరెత్తితే కడుపులో తిప్పుతుంది. ఆరు వారాలకి మొహం పీక్కుపోయింది. చూసినవాళ్లంతా భలే తగ్గావే అంటున్నారు.

ఆమె రోజూ ఆ గ్లాసు ఖాళీ చేస్తూనే ఉంది. వాళ్ల వంశంలో పదో తరగతి దాటిన మొదటి మనిషి ఆమె. కాలేజీలో దించి వెళ్లేటప్పుడు నాన్న ఒక్క మాటే చెప్పాడు, చదువుకున్నవాళ్ల మాట జవదాటకమ్మా అని. ఆ మాట పట్టుకునే ఆమె పాసైంది, ఉద్యోగం తెచ్చుకుంది, నిలబెట్టుకుంది. పేపర్లో వచ్చింది చదువుకున్నవాళ్ల మాట. అయినా ఆ మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో అందరికన్నా ఆమెకే బాగా తెలుసు.

ఆ ఆదివారం మిషన్ దిగి వంటగదిలోకి వెళ్లేసరికి అత్తగారు గ్లాసు అందించింది. వాసనకే ఆమెకి డోకొచ్చి సింకు పట్టుకుంది. అత్తగారు వీపు మీద చెయ్యి వేసి కాసేపు నిమిరింది. తర్వాత గొంతు తగ్గించి అంది.

"నేనూ ఒకరోజు రుచి చూశానమ్మాయ్. నోట్లో పెట్టుకోలేకపోయాను. ఆ పూటంతా పడుకునే ఉన్నాను."

"మరి నాకెందుకు ఇస్తున్నారత్తయ్యా?"

అత్తగారు గ్లాసు వైపు చూసింది. "వాడు ఇవ్వమన్నాడు కదా."

కోపం రావలసిన మాట. కోపం రాలేదు. ఆ గొంతు తనదే అన్నట్టు వినిపించింది.

ఆదివారమైనా ల్యాబుకి వెళ్లాలి. కణాలకి సెలవుల్లేవు. రోజు విడిచి రోజు పాత మీడియం తీసేసి కొత్తది పొయ్యాలి. మీడియం అంటే వాటి తిండి, గులాబి రంగు నీళ్లు. ల్యాబులో రీసెర్చ్ చేసే పిల్లలు ఆమెను 'మేతక్క' అంటారు. "మేతక్కా, మీ మందకి మేత పడిందా?" అని నవ్విస్తారు. పదకొండేళ్లలో ఒక్క ప్లేటు కూడా ఆమె చేతిలో ఆకలితో చావలేదు. ఆమె మాత్రం ఇంట్లో మిగిలినదేదో నిలబడే తింటుంది.

దుమ్ము పడకుండా కణాల పని చేసే గాజు అర, హుడ్ ముందు నిలబడి, నీళ్లు పీల్చే గొట్టం, పిపెట్ అందుకుంది. సారం వేసిన ప్లేటు వంచి పాత నీళ్లు పీల్చింది. బియ్యం కడిగిన నీళ్లలా మసకగా ఉన్నాయి. మొదటిసారి చేసినప్పుడూ ఇలాగే ఉన్నాయి. అప్పుడు సారుకి చెప్పింది, ఇందులో ఏవో తేలుతున్నాయండీ అని. ఎర్ర రంగు తగ్గిందా లేదా అని అడిగారాయన. తగ్గిందండీ అంది. అంతే కదమ్మా, అది చాలు అన్నారు. ఆయనకి తెలియదా అనుకుని ఆ నీళ్లు పారబోసింది. ఆ నీళ్లు పారబొయ్యబట్టే పేపర్లో వార్త పడింది, ఆ వార్త వల్లే తన గ్లాసు నిండింది. అత్తగారిని ఏమని అడుగుతుంది? ఆవిడకి కొడుకు చెప్పాడు, తనకి సారు చెప్పారు. అత్తాకోడళ్లిద్దరూ తమ చేతుల్లోని నీళ్లను చూశారు, ఇద్దరూ నోరు మూసుకున్నారు. పైగా ఆవిడకి లేని మైక్రోస్కోప్ తనకి ఉంది.

ఈసారి పారబొయ్యలేదు. ట్యూబులోకి తీసింది. ప్లేటుకి అంటుకుని మిగిలిన కణాలను కూడా వదులు చేసి కలిపింది. నీలం మందు చుక్క వేసింది. చచ్చిన కణం ఆ నీలాన్ని పీల్చుకుంటుంది, బతికినది పీల్చుకోదు. గళ్లు గీసిన గాజు పలక మీద పోసి, మైక్రోస్కోప్ కింద పెట్టి లెక్కపెట్టింది. నమ్మలేక మూడు ప్లేట్లు లెక్కపెట్టింది. పదింట ఆరు నీలంగా ఉన్నాయి. కిందటి వారం, ఎవరూ చెప్పకుండానే, రెండు ప్లేట్లలో పావు వంతు సారమే వేసి పక్కన పెట్టుకుంది. వాటిని చూసింది. కణాలన్నీ హాయిగా బతికే ఉన్నాయి, మామూలు ప్లేట్లలో లాగే నిగనిగలాడే కొవ్వు చుక్కలు నింపుకుంటున్నాయి.

ఆకు కొవ్వును ఆపలేదు. కొవ్వు కణం కావలసినదాన్ని ముందే చంపేసింది.

ప్లేటులో జరిగిందే ఒంట్లో జరుగుతుందని చెప్పలేం, అంత మాత్రం ఆమెకి తెలుసు. మేలు చేస్తుందనీ చెప్పలేం. అసలు కొవ్వు కణం అంత చెడ్డదా? ఈ ల్యాబులోనే కదా నేర్చుకుంది, దాచుకునే చోటు లేకపోతే కొవ్వు ఊరుకోదు, వెళ్లి కాలేయంలో కూర్చుంటుంది, రక్తంలో తిరుగుతుంది. చోటిచ్చేదాన్ని పట్టుకుని ఇన్నాళ్లూ దొంగలా చూశారు. అలా అనుకుని, ఎందుకో తన చేతులకేసి చూసుకుంది. కండ జారిపోయి మణికట్టు మీద గడియారం వేలాడుతోంది. లెక్కలన్నీ నోట్‌బుక్కులో ఎక్కించి కింద సంతకం పెట్టింది.

సోమవారం సారు ఆమె చెప్పకముందే శుభవార్త చెప్పారు. ఈ ఆకు మీద పెద్ద వ్యాసం సైన్సు పత్రికకి వెళ్తోందట. పదకొండేళ్లుగా వ్యాసాల చివర కృతజ్ఞతలకే పరిమితమైన ఆమె పేరు ఈసారి రచయితల్లో ఉంటుందట. "నీ కష్టం నాకు తెలీదనుకోకమ్మా," అన్నారు. ఆ మాట కోసం ఆమె ఎన్నేళ్లు ఎదురు చూసిందో లెక్కలేదు. అచ్చులో తన పేరు. నాన్నకి చదవడం రాదు. అయినా చూపించేది, వేలు పెట్టి.

నోట్‌బుక్కు తెరిచి ఆయన ముందు పెట్టింది. ఆయన చదివారు. ఇంకోసారి చదివారు. ఇది నిన్నెవరు చెయ్యమన్నారు అని అడిగారు. ఎవరూ చెప్పలేదండీ అంది. కావాలంటే తర్వాత చూద్దాం, ఇప్పుడు ఫొటోలు ఇవ్వు చాలు అన్నారు.

"నా పేరు వేస్తే ఈ లెక్క కూడా వెయ్యండి సార్. లెక్క లేకపోతే నా పేరు వద్దు. నోట్‌బుక్కు మాత్రం అందరూ తీసి చూసుకునేలా ల్యాబు బీరువాలోనే ఉంటుంది. ఆ లెక్క చెరపను."

ఆయన నోట్‌బుక్కు మూసి, ఇంక వెళ్లమన్నట్టు తలూపారు. ఏం చేస్తారో ఆమెకి తెలియదు. కణాలను వెచ్చగా ఉంచే ఇన్‌క్యుబేటర్ దగ్గరికి వెళ్లి ప్లేట్లు సర్దింది.

మళ్లీ ఆదివారం వచ్చింది. భర్త మిషన్ పెట్టి, పెన్ను పట్టుకుని పిలిచాడు. ఆమె రాలేదు. వంటగదిలో బల్ల దగ్గర కూర్చుని, పళ్లెం ముందు పెట్టుకుని నింపాదిగా తింటోంది. వారం నుంచి గ్లాసు ముట్టలేదు. ఆకు కణాలను చంపుతోందని, అది ఎవరు తాగినా మంచిది కాదని అప్పుడే ఇంట్లో చెప్పింది. పేపర్లో పడ్డాక నువ్వెవరు చెప్పడానికి అని ఆయన నవ్వాడు. ఈసారి పిలిచినా రాకపోయేసరికి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"ఏంటి, ఈ వారం ఎక్కవా?"

"లేదండీ. ఇన్నాళ్లూ తగ్గింది కొవ్వు కాదు, కండ."

ఆయన తల్లి వైపు తిరిగాడు, నువ్వైనా చెప్పమ్మా అన్నట్టు. అత్తగారు డబ్బాలో మిగిలిన పొడిని గ్లాసులో వేసి, వేడినీళ్లు పోసి, చెంచాతో కలిపింది. ఆరు వారాలుగా కలిపినట్టే, అంతే శ్రద్ధగా. తీసుకొచ్చి కోడలి పళ్లెం పక్కన పెట్టలేదు. గుమ్మంలో నిలబడ్డ కొడుకు ముందు పట్టింది.

"ఒక్క గుక్క తాగి చూడరా," అంది. "ఒక్క గుక్కే."

ఆయన గ్లాసు వైపు చూస్తూ నిలబడిపోయాడు. ఆమె బల్ల దగ్గరే కూర్చుని, చెయ్యి చాచి ఇంకొంచెం వడ్డించుకుంది.